పికప్ ముక్కు దించే ముందు: విశాఖ రోడ్లకు నిలిచే ఫ్రంట్ సస్పెన్షన్ ఎంపిక

స్ప్రింగు కోయించిన పికప్‌ను నేను సంతోషంగా నడిపింది మూడు రోజులే. నాలుగో రోజు గాజువాక నుంచి తిరిగి వస్తూ, వాన నీళ్లు నిండిన గుంతలో ఎడమ చక్రం దిగగానే ఛాసిస్‌ను కింది నుంచి సుత్తితో కొట్టినట్టు శబ్దం వచ్చింది. ఇంటికి వచ్చి జాకీ పెట్టి చూస్తే బంప్ స్టాప్ రబ్బరు (చక్రం మరీ పైకి లేచినప్పుడు అడ్డుకునేది) రెండు ముక్కలై ఉంది. స్ప్రింగు కోసిన మేస్త్రీకి ఫోను చేస్తే, "రెండంగుళాలు దిగింది కదండీ, చూడ్డానికి బాగుంది కదా" అన్నాడు. దిగిన మాట నిజమే. బండి ఎంత దిగిందో ఇద్దరం టేపు పట్టి కొలిచాం. చక్రం పైకి కదలడానికి ఇంకా ఎంత చోటు మిగిలిందో మాత్రం ఎవరమూ కొలవలేదు.

ఈ మార్గదర్శి అంతా ఆ రెండో కొలత చుట్టూనే తిరుగుతుంది. మెకానిక్‌లు దాన్ని ట్రావెల్ అంటారు. బండి ఎంత కిందికి రావాలన్నది మీ ఇష్టం. ట్రావెల్ ఎంత మిగలాలన్నది మాత్రం రోడ్డు నిర్ణయిస్తుంది.

ముందుగా చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అందుకే డబ్బు ఖర్చు పెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, బీమా కంపెనీకి కూడా తెలియజేయండి. ప్రమాదం జరిగాక మార్పు సంగతి బయటపడితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. పసుపు నంబరు పలకతో సరుకు మోసే బండి అయితే నా సలహా ఒకటే: దించవద్దు. ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ తలనొప్పి తప్పదు, పైగా ఆ బండి పని వేరు.

మొదటి అడుగు: మీ బండి ముందు ఏముందో చూడండి

పేరును బట్టి ఊహించవద్దు. ఒకే పేరుతో వచ్చిన బండిలోనూ ఏడాదిని బట్టి, మోడల్‌ను బట్టి సస్పెన్షన్ మారుతుంది. టార్చి పట్టుకుని కిందికి వంగి చూడండి.

చక్రం దగ్గర పైన ఒక ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ఇనుప చెయ్యి), కింద ఒక ఆర్మ్, వాటి మధ్య షాక్ అబ్జార్బర్‌ను చుట్టుకున్న కాయిల్ స్ప్రింగు కనిపిస్తే అది డబుల్ విష్‌బోన్. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్, 2022లో మన దేశానికి వచ్చిన టొయోటా హైలక్స్ ఈ రకమే. దించడానికి అన్నిటికన్నా ఎక్కువ మార్గాలున్నది దీనిలోనే కాబట్టి ఇక్కడి మాటల్లో ఎక్కువ భాగం దీని గురించే.

పై ఆర్మ్ లేకుండా, షాక్ అబ్జార్బరే నిలువు స్తంభంలా నకిల్‌కు (చక్రాన్ని మోసే ఇనుప ముక్కకు) బిగించి ఉంటే మాక్‌ఫర్సన్ స్ట్రట్. మారుతి సూపర్ క్యారీలో ఇదే ఉంటుంది. దీన్ని దించితే కింది ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. బండి బరువు కేంద్రం దిగిన దానికన్నా, రోల్ సెంటర్, అంటే మలుపులో బండి ఏ ఊహాబిందువు చుట్టూ పక్కకు వాలుతుందో అది, ఎక్కువగా దిగిపోతుంది. కిందికి తెచ్చిన బండి మలుపులో తక్కువ వాలాలి కదా? ఇది కొన్నిసార్లు ఎక్కువ వాలుతుంది. నేనైతే దీని జోలికి వెళ్లను.

టాటా ఏస్‌లా ముందు కూడా కమాన్లు (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు), గట్టి యాక్సిల్ ఉంటే, ఆటోనగర్‌లో ఎవరో ఒకరు "ఒక పట్టీ తీసేద్దాం" అంటారు. పట్టీ తీస్తే బండి దిగుతుంది, కమాను బలమూ తగ్గుతుంది. బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ మెలి తిరగకుండా పట్టుకునేది కూడా ఆ కమానేనని మరచిపోవద్దు.

కొన్ని పాత పికప్‌లలో కాయిల్ స్ప్రింగు బదులు ఛాసిస్ వెంట పొడవుగా సాగి, మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే టోర్షన్ బార్ అనే కడ్డీ ఉంటుంది. దాని సంగతి తరువాత.

రెండో అడుగు: ట్రావెల్ కొలవండి

తొందరపడకుండా చేయాల్సిన పని ఇదే. ఒక పూట పడుతుంది, ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

బండిని సమతలంగా ఉన్న గచ్చు మీద నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, ట్యాంకు సగం నిండి ఉండాలి, వెనుక తొట్టి ఖాళీగా ఉండాలి. చక్రం నడిమధ్య నుంచి నిటారుగా పైన ఉన్న ఫెండర్ అంచు వరకు నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. నేల నుంచి ఫెండర్ వరకు కొలిస్తే టైరు గాలి, టైరు అరుగుదల కూడా లెక్కలోకి వచ్చి పడతాయి. అందుకే చక్రం మధ్య నుంచి కొలవాలి.

తరువాతి పని సరైన పరికరాలున్న మెకానిక్ చేతుల మీదుగానే జరగాలి. బిగించి ఉన్న స్ప్రింగు జారితే చెయ్యి పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిపి ఉన్న భాగాన్ని బయటికి తీయించండి. ఇప్పుడు కింది ఆర్మ్ స్వేచ్ఛగా కదులుతుంది. జాకీతో దాన్ని మెల్లగా పైకి లేపుతూ, బంప్ స్టాప్ రబ్బరు తగిలిన క్షణంలో ఆపి, చక్రం మధ్య నుంచి ఫెండర్ దూరం మళ్లీ కొలవండి. మొదటి కొలతలో నుంచి దీన్ని తీసేస్తే వచ్చేదే మీకున్న ట్రావెల్. చక్రం బిగించి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు లోపలి ప్లాస్టిక్‌కు ఎక్కడైనా తగులుతుందేమో కూడా అప్పుడే చూడండి.

అనుకోండి, మీ కొలత 90 మి.మీ. వచ్చింది. స్ప్రింగు మార్చి బండిని 40 మి.మీ. దించితే 50 మిగులుతుంది. సగానికి పైగా ఉందిలే అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. గుంత నుంచి వచ్చే దెబ్బను స్ప్రింగు మింగే శక్తి, ట్రావెల్‌తో పాటు సూటిగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. 50ని 90తో భాగించి వర్గం చేస్తే 0.31. అంటే మునుపటి శక్తిలో మూడో వంతు కూడా లేదు. పాత శక్తి తిరిగి రావాలంటే స్ప్రింగు 3.24 రెట్లు గట్టిగా ఉండాలి, అప్పుడు కూర్చున్నవారి నడుము విరుగుతుంది. 25 మి.మీ. మాత్రమే దించితే 65 మిగులుతుంది, శక్తి సగం కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది.

సింహాచలం కొండ దిగుతూ మలుపుకు ముందు బ్రేకు గట్టిగా వేస్తే ముక్కు దానంతట అదే వంగుతుంది. గుంత ఎదురుకాకముందే ట్రావెల్‌లో కొంత ఖర్చయిపోతుంది. 50లో ఇరవై ముప్ఫై అలా పోయాక, మిగిలిన దానితో గుంతలోకి దిగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఒక ఊరట ఉంది. పికప్‌లో సరుకు బరువు చాలావరకు వెనుక యాక్సిల్ మీదే పడుతుంది. ముందు స్ప్రింగు నిండు బండిలోనూ ఖాళీ బండిలోనూ పెద్దగా మారని బరువునే మోస్తుంది. కాబట్టి ముందు భాగపు లెక్క వెనుక దానికన్నా నమ్మకంగా వేసుకోవచ్చు.

మూడో అడుగు: స్పీడ్ బ్రేకర్ లెక్క

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెం.మీ., వంపు వ్యాసార్ధం 17 మీటర్లు ఉండాలి. హైలక్స్ వీల్‌బేస్ 3,085 మి.మీ. ముందు, వెనుక చక్రాలు శిఖరానికి అటూ ఇటూ సమదూరంలో ఉన్నప్పుడు, ఆ వంపు బండి నడుము కిందికి 70 మి.మీ. పొడుచుకు వస్తుంది. 3,095 మి.మీ. ఉన్న వీ-క్రాస్‌కూ అంతే. అంటే బండి నడుము దగ్గర నేలకున్న ఎత్తులో నుంచి 70 తీసేయండి. ప్రయాణికులు, ఊగుడు కలిపి ఇంకో 40, 50 తీసేయండి. మిగిలిందే మీ అసలు నిధి.

అయితే వీధుల్లో కాంట్రాక్టరు వేసినదీ, కాలనీవాసులు సొంతంగా పోసుకున్నదీ ఆ ప్రమాణం చూసి పోసినవి కావు. సన్నగా, ఎత్తుగా ఉన్న గట్టు పూర్తి ఎత్తుతో నడుము కిందికి వస్తుంది. మీ వీధిలోని గట్టును టేపు పట్టి కొలవండి. ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి.

నాలుగో అడుగు: మార్గం ఎంచుకోవడం

స్ప్రింగు కోయడం అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా చెడ్డ పని. ఏడు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒక చుట్టు కోస్తే గట్టిదనం ఆరుకు ఏడు చొప్పున, అంటే సుమారు 17 శాతం పెరుగుతుంది. 40 మి.మీ. పోయినందుకు కావలసింది 3.24 రెట్లు, వచ్చింది 1.17. కోసిన కొస సీటులో సమంగా కూర్చోదు. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరుగుతుంది. గ్యాసు మంటతో కాల్చి కుదించేవారూ ఉన్నారు. కాల్చిన ఉక్కు తన పదును పోగొట్టుకుంటుంది, ఎప్పుడు కుంగుతుందో చెప్పలేం.

పొట్టి స్ప్రింగు, అంటే ఆ ఎత్తు కోసమే చుట్టిన కొత్త స్ప్రింగు, రోజూ తిరిగే బండికి సరిపోతుంది. కాస్త గట్టిగా ఉంటుంది, కొసలు సరిగా ఉంటాయి. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న: అది చెప్పే తగ్గుదల స్ప్రింగు దగ్గరా, చక్రం దగ్గరా? ఈ రెండూ ఒకటి కావు. స్ప్రింగు కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం ఆర్మ్ చివర ఉంటుంది. చక్రం 10 కదిలినప్పుడు స్ప్రింగు 6 కదిలే బండిలో, చక్రం దగ్గర 40 మి.మీ. దిగాలంటే స్ప్రింగు దగ్గర 24 చాలు. ఈ తేడా తెలియక స్ప్రింగు సీటునే 40 దించినవారి బండి 67 మి.మీ. దిగి కూర్చుంటుంది. గట్టిదనం లెక్కలో ఈ నిష్పత్తి రెండుసార్లు వస్తుంది: మిల్లీమీటరుకు 100 న్యూటన్ల స్ప్రింగు చక్రం దగ్గర 36 న్యూటన్లుగానే పనిచేస్తుంది.

ఎత్తు సవరించుకునే కాయిలోవర్‌లో (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిపి ఉన్న సెట్టులో) స్ప్రింగు సీటు మర మీద పైకీ కిందికీ తిరుగుతుంది. నా ఓటు దీనికే. మొదటిసారే సరైన ఎత్తు ఎవరికీ దొరకదు, దీనిలో తప్పు దిద్దుకునే వీలుంది. సముద్రపు గాలికి ఆ మరలు పట్టేస్తాయి కాబట్టి బిగించే రోజే గ్రీజు పూసి, పైన తొడుగు వేయండి. ట్రావెల్ విషయంలో మాత్రం దీనికీ పొట్టి స్ప్రింగుకూ తేడా లేదు. ఎంత దించితే అంత పోతుంది.

ట్రావెల్ పోకుండా దించే దారి ఒకటే, దించిన నకిల్. చక్రం బిగించే ఇరుసు కొసను నకిల్ మీద పైకి జరిపి తయారు చేస్తారు. ఆర్మ్‌ల కోణాలు, స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ అన్నీ కంపెనీ పెట్టిన చోటే ఉంటాయి, బండి మాత్రం కిందికి వస్తుంది. అమెరికాలో పికప్‌లు దించేవారిలో ఇది బాగా వాడుకలో ఉంది. ఇబ్బంది ఏమిటంటే ఆర్మ్, స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ కొస రిమ్ములో కిందికి దిగుతాయి కాబట్టి చిన్న రిమ్ములకు తగలవచ్చు, టైరు ఫెండర్‌కు దగ్గరవుతుంది. మీ బండి కోసమే తయారైన నకిల్ దొరికితే దాచుకున్న డబ్బంతా దీని మీద పెట్టండి. దొరకకపోతే, ఉన్న నకిల్‌ను కోసి వెల్డింగ్ చేస్తానన్నవాడికి దండం పెట్టి బయటికి రండి. బ్రేకు, స్టీరింగు, చక్రం మూడూ వేలాడేది ఆ ముక్క మీదే.

టోర్షన్ బార్ ఉన్నవారికి పని సులువు: చివరనున్న బోల్టును వదులు చేస్తే ముక్కు దిగుతుంది. తిప్పకముందు బోల్టు ఎంత బయటికి ఉందో రెండు వైపులా కొలిచి రాసుకోండి. బార్ గట్టిదనం ఏమీ మారదు, కాబట్టి పోయిన ట్రావెల్‌కు పరిహారం సున్నా. బార్లను బయటికి తీస్తే ఎడమది కుడికి మార్చి పెట్టవద్దు, అవి ఒక వైపు మెలికకే అలవాటు పడి ఉంటాయి.

స్ప్రింగు బదులు గాలి బెలోలు, అంటే గాలి నింపే రబ్బరు సంచులు, పెట్టి గట్టు రాగానే బండిని లేపుకోవచ్చు. ఆకర్షణ కాదనలేనిది. కానీ కంప్రెసర్, గొట్టాలు, కీళ్లు, వైర్లు అన్నీ ఉప్పుగాలిలో బతకాలి. ఎత్తు మారినప్పుడల్లా అలైన్‌మెంట్ మారుతుంది కాబట్టి ఏ ఎత్తులో ఎక్కువగా నడుపుతారో ఆ ఎత్తుకే చక్రాలు సరిచేయించాలి. ప్రదర్శనకు పెట్టే బండికి ఇది సరే. రోజూ కూర్మన్నపాలెం దాకా వెళ్లి వచ్చే బండికి నేను పెట్టను.

ఐదో అడుగు: చక్రం కోణాలు

డబుల్ విష్‌బోన్‌లో పై ఆర్మ్ పొట్టిది. చక్రం పైకి వెళ్లే కొద్దీ దాని పైభాగం లోపలికి వాలుతుంది; ఈ వాలునే కాంబర్ అంటారు. బండిని దించడమంటే చక్రాన్ని శాశ్వతంగా కొంత పైకి నెట్టి ఉంచడమే కాబట్టి ఆ వాలూ శాశ్వతమవుతుంది. ఒక డిగ్రీ వరకు టైరు ఓర్చుకుంటుంది. టైరు లోపలి అంచును త్వరగా తినేది నిజానికి కాంబర్ కన్నా టో, అంటే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండటం.

ఆ టో కూడా నిలకడగా ఉండదు. టై రాడ్, కింది ఆర్మ్ ఒకే వాలులో ఉన్నంతవరకు చక్రం పైకీ కిందికీ కదిలినా దిశ మారదు. వాలు తప్పితే ప్రతి ఎత్తుపల్లానికీ స్టీరింగు దానంతట అదే లాగుతుంది. దీన్ని మామూలు సామానుతోనే పట్టుకోవచ్చు. స్ప్రింగు తీసి ఉన్నప్పుడే హబ్బుకు తిన్నని అల్యూమినియం ఛానల్ బిగించి, జాకీతో 10 మి.మీ. చొప్పున లేపుతూ, ఛానల్ రెండు కొసలూ నేల మీద గీసిన గీత నుంచి ఎంత దూరంలో ఉన్నాయో రాసుకోండి. తాపీ మేస్త్రీ వాడే తూకం గుండు ఉంటే పని ఇంకా తేలిక. మీరు అనుకున్న కొత్త ఎత్తుకు అటూ ఇటూ దూరాల మధ్య తేడా పెద్దగా మారుతుంటే, దించడం తగ్గించుకోండి.

ముక్కు మాత్రమే 50 మి.మీ. దించి వెనుకను అలాగే వదిలేస్తే ఛాసిస్ దాదాపు 0.9 డిగ్రీ ముందుకు వాలుతుంది. కాస్టర్‌లో (చక్రం మలిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణంలో) అంత పోయి, జాతీయ రహదారి మీద స్టీరింగు తిన్నగా నిలవడం తగ్గుతుంది. హెడ్‌లైట్లు కూడా అంతే వంగి, 50 మీటర్ల దూరంలో వెలుగు సుమారు 80 సెం.మీ. కిందికి పడుతుంది. వెనుకను కూడా తగినంత దించితే ఈ రెండూ సర్దుకుంటాయి. వెనుక కమాన్ల పని ఇంకో పెద్ద కథ, ఇక్కడ దానిలోకి వెళ్లను.

విశాఖలో మాత్రం కొనుగోలుకు ముందే చూడాల్సింది ఒకటుంది. చాలా పికప్‌లలో కాంబర్, కాస్టర్ సవరించేది కింది ఆర్మ్ మూలంలో ఉన్న, తిప్పితే ఆర్మ్‌ను పక్కకు జరిపే క్యామ్ బోల్టులతో. బీచ్ రోడ్డు పక్క ఏళ్ల తరబడి నిలిచిన బండిలో అవి బుష్ (కీలు దగ్గరి రబ్బరు తొడుగు) లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. తిరగకపోతే అలైన్‌మెంట్ లేదు, అలైన్‌మెంట్ లేకపోతే దించడం లేదు. కొత్త స్ప్రింగు ఆర్డరు పెట్టే ముందు ఆ బోల్టులు కదులుతాయో లేదో చూడండి.

ఆరో అడుగు: బిగించేటప్పుడు

దించిన బండికి పాత పొడవు షాక్ అబ్జార్బర్ ఉంచితే అది తన అడుగుకు దగ్గరగా పనిచేస్తుంది. బంప్ స్టాప్ ముందు తగలాలి, షాక్ అబ్జార్బర్ అడుగు తరువాత రావాలి. ఈ వరుస తారుమారైతే షాక్ అబ్జార్బర్ పగులుతుంది. గట్టి రబ్బరు ముక్కను కోసి చోటు చేసుకోవడం కన్నా, మెత్తగా మొదలై మెల్లగా గట్టిపడే నురగ రకం బంప్ స్టాప్ పెట్టండి. అది ముందే తగిలినా దెబ్బలా ఉండదు, రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. మలుపులో వాలు తగ్గించే స్టెబిలైజర్ బార్ లింకులు కూడా కొత్త ఎత్తుకు తగ్గ పొడవువి కావాలి. స్టీరింగు చివరిదాకా తిప్పి బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు ఎక్కడా లాగడం లేదని చూడండి.

ఆర్మ్ బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా చివరి బిగింపు బిగించవద్దు. రబ్బరు బుష్ ఆ భంగిమలోనే పట్టుకుపోయి, బండి నేల మీదికి రాగానే మెలిపడి, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. బండి తన బరువు మీద నిలిచాకే బిగించాలి. అలైన్‌మెంట్ కూడా వెంటనే కాదు, ఓ వంద కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాక.

ఏడో అడుగు: రోడ్డు మీద

పిల్లలు బొమ్మలు చేసుకునే మైనపు ముద్దను బంప్ స్టాప్ ఎదురుగా రెండు వైపులా అంటించండి. మొదటి రోజు ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా, ఖాళీ బండితో, మెల్లగా. ఆగి మైనం చూడండి. రెండో రోజు కైలాసగిరి ఎక్కి దిగండి, దిగేటప్పుడు బ్రేకులు కాస్త గట్టిగా వేయండి. మూడో రోజు నలుగురిని ఎక్కించి, మీ వీధి గట్టు మీదుగా, రోజూ వెళ్లే దారిలో. మైనం మీద చిన్న అచ్చు పడితే పర్వాలేదు, బంప్ స్టాప్ ఉన్నది అందుకే. ప్రతిసారీ అట్టులా పరచుకుపోతుంటే స్ప్రింగు సీటును చక్రం లెక్కన 10 మి.మీ. పైకి తెచ్చి, కొత్త మైనం పెట్టి, మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. నా బండి అలా రెండుసార్లు పైకి వచ్చి, కంపెనీ ఎత్తు కన్నా 30 మి.మీ. కింద ఆగింది. ఫెండర్‌కూ టైరుకూ మధ్య ఇప్పటికీ మూడు వేళ్లు పడతాయి.